ఐసు ట్రేలో ఉన్నదీ ఆక్టోపస్సే

ప్రశ్న: మేడమ్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. జువాలజీతో బీఎస్సీ మూడో ఏడు చదువుతున్నాను. నాన్న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు. రెండేళ్ళ కిందట ఫోనులో ఒక ఆక్టోపస్ కొబ్బరి చిప్పల్ని మోసుకుపోయే వీడియో చూశాను. అప్పట్నుంచీ వాటి మీదే పరిశోధన చెయ్యాలని ఉంది. నాన్నేమో "ఆ కంపులోంచి బయటపడమని చదివిస్తే మళ్ళీ అందులోకే దిగుతానంటావేటి" అంటున్నారు. బీఈడీ చేసి టీచరు పోస్టు చూసుకోమంటుంది అమ్మ. మా లెక్చరరు గారిని అడిగితే, "మన దేశంలో ఆ పరిశోధనంటే హార్బర్‌లో చచ్చిన స్క్విడ్‌లు కొలవడమే, అసలుది కావాలంటే విదేశాలకు పోవాలి" అన్నారు. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. పైగా పరిశోధన పేరుతో వాటిని చంపాల్సి వస్తుందేమోనని భయం. నాకు దారుందా?
— సముద్రం పక్క పిల్ల

సమాధానం:

అమ్మా, మీ లెక్చరరు గారు అన్న "చచ్చిన స్క్విడ్‌లు కొలవడం" ఉందే, 27 ఏళ్ళు నేను జీతం తీసుకున్నది ఆ పనికే. రిటైరై రెండేళ్ళయింది. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదువు. నా కూతురికన్నా చిన్నదానివి, "నువ్వు" అనే అంటాను.

ముందు ఆ కొలిచే పనేమిటో చెప్తాను. దాని మీద ఎవరూ వీడియోలు తీయరు కదా.

తెల్లారకముందే హార్బర్‌కు చేరాలి. బోట్లోంచి దిగిన సరుకు వేలానికి పోయేలోపల మన పని అయిపోవాలి. ఆక్టోపస్‌కు చుట్టాలైన స్క్విడ్, కటిల్‌ఫిష్ ఎగుమతికి పోయే సరుకు, వాటి మీద కొనేవాడు మనల్ని చెయ్యి వెయ్యనివ్వడు. "వేలు గుచ్చుకుంటే రేటు పడిపోద్ది మేడం" అని ఒకాయన నన్ను ఏడాది పాటు తరిమాడు. తర్వాత ఆయనే టీ తెప్పించేవాడనుకో. కొలిచేది మాంటిల్ పొడవు. అంటే తలా చేతులూ వదిలేసి, వెనక సంచిలా ఉండే ఒంటి పొడవు మాత్రమే, మిల్లీమీటర్లలో. చేతులు రబ్బరులా సాగుతాయి, వాటిని లెక్కలోకి తీసుకుంటే ఇద్దరు కొలిస్తే రెండు అంకెలొస్తాయి. కొన్నిటిని కొని ల్యాబ్‌కు తెచ్చి కోస్తాం. ఆడదా మగదా, గుడ్లు ఏ దశలో ఉన్నాయి, పొట్టలో ఏముంది అని చూసి రాసుకుంటాం. సిరా సంచి చితికిందా, ఆ రోజు వేసుకున్న చుడీదారు ఇక బయటికి వేసుకునేందుకు పనికిరాదు. పాత ఫొటోల గోధుమరంగును సెపియా అంటారే, ఆ మాట కటిల్‌ఫిష్ పేరే. పచారీ కొట్లో మందు దినుసుగా అమ్మే సముద్రపు నురుగు కూడా సముద్రం కక్కిన నురుగేమీ కాదు, ఆ జంతువు వీపులో ఉండే పెంకే. మీ ఊరి ఒడ్డున చిన్నప్పుడు ఏరుకునే ఉంటావు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని స్టాటోలిత్ తీయడం. స్క్విడ్ తలలో, ఒంటి నిలకడ తెలిపే చోట, ఆవగింజంత రాళ్ళు రెండుంటాయి. వాటిని పట్టకారుతో తీసి, సన్నటి గరుకు కాగితం మీద అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మాను కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. చెట్టుకు ఏడాదికో వలయం, ఇక్కడ చాలా జాతుల్లో రోజుకొకటి. ఒక రాయిలో 200 లెక్కపెట్టావంటే ఆ స్క్విడ్ 200 రోజులు బతికిందన్నమాట. పొడవుల్ని చూసి వయసు అంచనా కట్టిన రోజుల్లో రెండు మూడేళ్ళు బతుకుతాయనుకున్న జాతులు, ఈ గీతలు లెక్కపెట్టాక ఏడాదికి అటూ ఇటూ మాత్రమే బతుకుతాయని తేలింది.

అది తెలిస్తే ఏమొస్తుందంటావా? ఏడాదిలో పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి పోయే జంతువుకు నిల్వ తరం ఉండదు. ఈ ఏడు గుడ్లు పెట్టకముందే పట్టేస్తే వచ్చే ఏడు వలలో పడటానికేం మిగలదు. కేరళ ప్రభుత్వం ఇంతకన్నా చిన్నవి పట్టకూడదని జాతి జాతికీ కొలత పెట్టింది, ఆ జాబితాలో స్క్విడ్, కటిల్‌ఫిష్ కూడా ఉన్నాయి. ఆ కొలత ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు? ఎంత పొడవుకు గుడ్లు పెట్టే ఈడు వస్తుందో, వేల జంతువుల్ని కోసి చూసి రాసుకున్నవాళ్ళ నోటుపుస్తకాల్లోంచి. నీ లెక్చరరు గారు తేలిగ్గా అన్న పనే అది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది పడమటి తీరానిది. కర్ణాటక తీరంలో గేలం వేటగాళ్ళు, ముఖ్యంగా కన్యాకుమారి వైపునుంచి వచ్చినవాళ్ళు, కొబ్బరి గెలల కాడల్ని కట్టలుగా కట్టి, బరువు పెట్టి సముద్రంలో దించడం మొదలుపెట్టారు. గుడ్లు అంటించుకోవడానికి గట్టి ఆధారం వెతుక్కునే కటిల్‌ఫిష్‌లు ఆ కాడల చుట్టూ చేరతాయి. గేలం వేస్తే పెద్ద పెద్దవి పడతాయి, సముద్రం మీద డీజిలూ మిగులుతుంది. సంబరమే. అయితే పడుతున్నవన్నీ గుడ్లు పెట్టబోయే తల్లులూ, వాటి మగవాళ్ళూ. ట్రాలర్లవాళ్ళకూ వీళ్ళకూ తగాదాలు. ఆ తగాదాలో ఎవరి మాట ఎంత నిజమో చెప్పడానికి కొచ్చిలోని సీఎమ్‌ఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, దాని శాస్త్రవేత్తలు చేసిందేమిటి? పట్టినవాటిని కొలిచారు, కోశారు, ఈడు చూశారు. పక్కన ఎన్ని కెమెరాలున్నా, ఆ పడవలో ఎన్ని తల్లులున్నాయో ట్రేలో చెయ్యి పెట్టినవాళ్ళే చెప్పగలరు.

సరే, ఇప్పుడు నీ వీడియో సంగతి.

నువ్వు చూసిన జంతువు యాంఫియాక్టోపస్ మార్జినేటస్. ఇండోనేసియాలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాన్ని చాలా ఏళ్ళు డైవింగ్ చేస్తూ గమనించి 2009లో ప్రకటించారు. మెత్తటి ఒళ్ళున్న జంతువు రెండు చిప్పల్ని ఒకదాంట్లో ఒకటి పేర్చి, కడుపు కింద పెట్టుకుని, చేతుల్ని కర్రల్లా నిలబెట్టి, వాటి మీద నడిచిపోతుంది. నడుస్తున్నంతసేపూ ఆ చిప్పలు దానికి భారమే. తర్వాత పనికొస్తాయని మోస్తుంది. అందుకే పరికరం వాడే జంతువని అంత గొడవైంది. నువ్వు ఊహించనిది ఏమిటంటే, అదే జాతి మన దేశం ట్రాలర్ వలల్లో కూడా పడుతుంది. నువ్వు ఫోనులో చూసి ముచ్చటపడ్డ ప్రాణి, మీ నాన్నగారి బోట్లో ఐసు కింద ఎన్నిసార్లు పడుకుందో.

మన దగ్గర బతికున్న ఆక్టోపస్ ప్రవర్తన మీద పనిచేసే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. నేనూ ప్రయత్నించాను. ట్రాలర్లో ప్రాణంతో దొరికిన ఒకదాన్ని బకెట్లో తెచ్చి ల్యాబ్ తొట్టిలో పెట్టాను. పైన పలక, పలక మీద ఇటుక. మూడో రోజు పొద్దున్న తొట్టి ఖాళీ. మురుగు తూము పక్కన, ఎండిన గుడ్డపీలికలా దొరికింది. రెండోదానికి ఇటుకలు నాలుగు పెట్టాను. ఈసారి వాన, రాత్రి కరెంటు పోయింది, గాలి మోటారు ఆగింది. ఆ జంతువుకు శుభ్రమైన నీరు కావాలి, నీళ్ళలో గాలి కావాలి, ఉప్పదనం మారకూడదు. దాని రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగి ఉన్న పదార్థం, మన రక్తంలో ఇనుము చేసే పనిని అంత బాగా చెయ్యదు. మూడు గుండెలున్నా అందుకే త్వరగా అలిసిపోతుంది. ఆ రెండిటి మీదా నేను ఎక్కడా పేపరు రాయలేదు. ఇప్పటికీ ఇటుక చూస్తే గుర్తొస్తుంది.

విదేశాల్లో ఆ ఏర్పాట్లు తరాలుగా ఉన్నాయి. ఇటలీలో నేపుల్స్ సముద్ర కేంద్రాన్ని 1872లో ఆంటన్ డోర్న్ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక జె.జెడ్. యంగ్, బ్రయన్ బాయ్‌కాట్ ఆక్టోపస్ జ్ఞాపకశక్తి మీద పనిచేసింది అక్కడే. అమెరికాలో వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో రోజర్ హాన్లన్ దశాబ్దాలుగా ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు: రంగులు గుర్తించలేని కటిల్‌ఫిష్ చుట్టూ ఉన్న రంగులో ఎలా కలిసిపోతుంది? అక్కడే 2020లో స్క్విడ్‌లో ఒక జన్యువును పనిచెయ్యకుండా చేసి, మచ్చల రంగు పోయిన పిల్లల్ని పుట్టించారు, సెఫలోపాడ్‌లలో, అంటే స్క్విడ్, కటిల్‌ఫిష్, ఆక్టోపస్ చేరిన వర్గంలో, అదే మొదటిసారి. 2015లో ఆక్టోపస్ జన్యుపటం మొత్తం చదివారు, దాంట్లో ప్రోటీన్ తయారుచేసే జన్యువులు దాదాపు 33,000 అని తేలింది. మనిషికి ఉన్నవాటికన్నా ఎక్కువ. ఇలాంటి పని చెయ్యాలంటే ఏదో ఒక దశలో బయటికి వెళ్ళక తప్పదు. వెళ్ళడానికి పీహెచ్‌డీ ఉంది, పీహెచ్‌డీ తర్వాత ఫెలోషిప్పులున్నాయి. బీఎస్సీ మూడో ఏట దాని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

అయితే ఆ గొప్ప ల్యాబుల చరిత్రలోకి తొంగి చూస్తే అక్కడా నీకు హార్బరే కనిపిస్తుంది. స్క్విడ్ ఒంట్లో నీటిని చిమ్మే కండరాన్ని కదిలించే నరం ఒకటుంది, మందం అర మిల్లీమీటరునుంచి ఒక మిల్లీమీటరు దాకా. మామూలుగా నరపు తీగ కంటికి ఆనదు. ఇది ఆనుతుంది. యంగ్ 1936లో దీన్ని లోకానికి చూపించాడు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లండులోని ప్లిమత్‌లో, పడవలు తెచ్చిన స్క్విడ్‌లోంచి ఆ నరాన్ని తీసి, దాని లోపలికి ఎలక్ట్రోడ్ దింపి, నరంలో వార్త ఎలా పరుగెడుతుందో కొలిచారు. 1939 ఆగస్టులో మొదటి కొలత. కొద్ది వారాల్లో యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టి 1952లో పూర్తి లెక్క ప్రకటించారు, 1963లో నోబెల్ వచ్చింది. పడవ రాకపోతే ఆ రోజు ప్రయోగం లేదు. నరం పాడయ్యేలోపల ముగించాలి కాబట్టి రాత్రిళ్ళు కూర్చునేవారు. ఇవాళ మెదడు గురించి చెప్పే ప్రతి పాఠంలోనూ ఆ స్క్విడ్ ఉంది. చచ్చిన స్క్విడ్ అని తీసిపారేసే ముందు మీ లెక్చరరు గారు ఫిజియాలజీ పాఠం ఒకసారి తిరగేస్తే బాగుండును. ఆయనతో ఈ మాట నువ్వు అనకు, ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉంటాయి.

ఓపిక గురించి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో మాంటెరే లోయ అడుగున, 1,400 మీటర్ల లోతులో, 2007లో బ్రూస్ రాబిసన్ బృందం రిమోట్‌తో నడిచే జలాంతర యంత్రం దించి ఒక ఆడ ఆక్టోపస్‌ను చూసింది. రాతికి గుడ్లు అంటించి, వాటి మీద కూర్చుంది. మళ్ళీ వెళ్ళారు, అక్కడే ఉంది. మళ్ళీ వెళ్ళారు. ఒంటి మీద మచ్చలే గుర్తు. మొత్తం 18 సార్లు వెళ్ళారు. 53 నెలలు అది అక్కడే గుడ్లు కాసింది, అంటే నాలుగున్నరేళ్ళకు ఒక నెల తక్కువ. ఎదురుగా పీతలు తిరిగినా తిన్నట్టు కనపడలేదు. ఒంటి రంగు పాలిపోయింది, కళ్ళు మసకబారాయి. 2011 చివర్లో వెళ్తే తల్లి లేదు, ఖాళీ గుడ్ల తొడుగులు ఉన్నాయి. ఏ జంతువూ అంత కాలం గుడ్లు కాసినట్టు అంతకుముందు రికార్డు లేదు. ఆ తల్లి ఎందుకు తినడం మానేస్తుందన్న ప్రశ్నకు 1977లోనే జెరోమ్ వొడిన్‌స్కీ ఒక తాళంచెవి చూపించాడు: కళ్ళ వెనకుండే ఆప్టిక్ గ్రంథుల్ని తీసేస్తే తల్లి ఆక్టోపస్ గుడ్లను వదిలేసి మళ్ళీ తిండి తిన్నది, ఇంకొంతకాలం బతికింది. దాన్ని చదివిన రోజు నేను ఇంటికెళ్ళి మా అమ్మ పక్కన ఊరికే కూర్చున్నాను. నీ పీహెచ్‌డీ అయిదేళ్ళనుకుంటే, తీరంలో దొరికే ఆక్టోపస్‌లు ఆ అయిదేళ్ళలో మూడు నాలుగు తరాలు మారిపోతాయి. పెంచి, పేరు పెట్టి, మచ్చిక చేసుకుందామనుకునేవాళ్ళకు ఇది కష్టమైన జంతువు.

చంపడం గురించి అడిగావు. హార్బర్‌లో మన చేతికొచ్చేవి ఎలాగూ చనిపోయినవే. ల్యాబ్‌లో బతికున్నవాటితో పని వేరు. యూరప్‌లో ప్రయోగ జంతువుల రక్షణ కోసం 2010లో తెచ్చిన చట్టంలో వెన్నెముక లేని జంతువుల్లో చేరినవి సెఫలోపాడ్‌లే. బ్రిటన్ 2022లో వీటికి బాధ తెలుస్తుందని చట్టంలోనే ఒప్పుకుంది. అలాంటిచోట మత్తివ్వకుండా కొయ్యడానికి వీల్లేదు. మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్ళు అందుకు వాడతారు. నీకు ఆ భయం ఉన్నందుకు సంతోషం, అది పోగొట్టుకోకు. కానీ ఒక్కదాన్ని కూడా కొయ్యనంటే మాత్రం ఈ దారి కాదు. కెమెరాతో నీళ్ళలో గమనించడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు ప్రపంచంలో చాలా తక్కువ. వాళ్ళలో చాలామంది కూడా ముందు కోసి నేర్చుకున్నవాళ్ళే.

కొయ్యకుండా చూసి పొరబడ్డవాళ్ళలో మహానుభావులున్నారు, కోసి పొరబడ్డవాళ్ళూ ఉన్నారు. ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ ఆడదాని ఒంట్లో పురుగులాంటిది ఒకటి దొరికితే, దాన్ని పరాన్నజీవి అనుకుని 1829లో కువియే పేరు కూడా పెట్టేశాడు. కువియే అంటే ఆ రోజుల్లో జంతుశాస్త్రానికి పెద్ద దిక్కు. అది పురుగు కాదు, మగది వదిలి వెళ్ళిన చెయ్యి. వీర్యాన్ని ఆడదానికి అందించే చెయ్యి. తప్పు తేలినా పేరు మిగిలింది, ఇప్పటికీ ప్రతి మగ ఆక్టోపస్‌లో ఆ చేతిని హెక్టోకొటైలస్ అనే అంటాం. రేపు నువ్వు మగదా ఆడదా అని చూసేది దాన్ని బట్టే.

అదే ఆర్గొనాట్‌తో ముడిపడ్డ ఇంకొకామె గురించి నీకు తప్పక చెప్పాలి. జీన్ వీల్‌ప్రూ పవర్, 1794లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెలో పుట్టింది. పారిస్‌లో బట్టలు కుట్టేది. ఒక రాకుమారి పెళ్ళి దుస్తుల మీద పనిచేసి పేరు తెచ్చుకుంది. ఇంగ్లిష్ వ్యాపారిని పెళ్ళి చేసుకుని సిసిలీ దీవికి, మెస్సినాకు వెళ్ళింది. అక్కడ సముద్రాన్ని చదవడం మొదలుపెట్టింది, కాలేజీ చదువేమీ లేకుండా. ఆర్గొనాట్ తన పెంకును తానే కట్టుకుంటుందా, లేక సన్యాసి పీతలా వేరే జంతువు విడిచిన దాంట్లో దూరుతుందా అని అప్పట్లో పెద్ద వాదం. ప్రాణంతో ఉంచి చూస్తేనే తేలుతుందని 1832 ప్రాంతంలో గాజు తొట్టెలు, సముద్రంలో దించే బోనులు తయారుచేయించింది. ఇవాళ మనం అక్వేరియం అంటున్నదానికి మొదళ్ళలో అదొకటి. పిల్ల ఆర్గొనాట్ తన పెంకు తానే కట్టుకోవడం, విరిగితే అతుక్కోవడం చూసి రాసింది. ఆమె సేకరణలో చాలా భాగం, కాగితాలతో సహా, ఓడ మునిగి పోయింది. శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఇప్పుడు ఆమె పేరుంది. నీ ఇంగ్లిష్ గురించి దిగులుపడుతుంటే ఆమె గుర్తొచ్చింది, అంతే. శాస్త్రం పేపర్ల ఇంగ్లిష్‌లో వాడే మాటలు తక్కువ, తిప్పితిప్పి అవే వస్తాయి. రోజుకొక పేపరు సారాంశం చదివి నీ మాటల్లో తెలుగులో రాసుకో. ఆర్నెల్లలో తేడా నీకే తెలుస్తుంది. మాట్లాడే ఇంగ్లిష్ తర్వాత వస్తుంది, నాకు నలభై దాటాక వచ్చింది.

దారి సంగతి సూటిగా చెప్తాను. మత్స్యశాస్త్రంలో మాస్టర్స్, ఎమ్‌ఎఫ్‌ఎస్సీకి సాధారణంగా బీఎఫ్‌ఎస్సీ ఉండాలి, ఆ తలుపు నీకు తెరుచుకోదు. నీది ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ తలుపు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖకు పాత పేరుంది, వాల్తేరు తీరంలో పి.ఎన్. గణపతి గారి కాలం నుంచీ సముద్ర జంతువుల మీద పని జరుగుతోంది. తమిళనాడులో పరంగిపేట, కేరళలో కొచ్చిన్ కూడా మంచి చోట్లు. ఎమ్మెస్సీ రెండో ఏడు నుంచే సీఎస్‌ఐఆర్ యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు, లైఫ్ సైన్సెస్‌లో, కూర్చో. దాంట్లో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్పు, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటద్దె అదనం. అది చేతిలో ఉంటే నిన్ను తీసుకోవడానికి గైడ్‌లు ముందుకొస్తారు, లేకపోతే నువ్వే వాళ్ళ గుమ్మాలు తిరగాలి. సీఎమ్‌ఎఫ్‌ఆర్‌ఐకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ, మత్స్య సర్వే సంస్థకూ విశాఖలో శాఖలున్నాయి. ఎమ్మెస్సీ డిజర్టేషన్‌కు, అంటే చివర్లో రాసే చిన్న పరిశోధనకు, వాళ్ళలో ఎవరి దగ్గరికైనా వెళ్ళు.

చేదు మాట కూడా విను. పర్మనెంటు పోస్టులు తక్కువ. మధ్యలో ప్రాజెక్టు ఉద్యోగాలుంటాయి, ప్రాజెక్టు అయిపోతే జీతం ఆగిపోతుంది. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి నీకు 28, 29 వస్తాయి. ఈలోగా మీ చుట్టాలు పెళ్ళి సంబంధాలతో ఇంటి గుమ్మం అరగదీస్తారు. నాకు పర్మనెంటు ఉత్తర్వు వచ్చేసరికి 33. అప్పటిదాకా మా ఇంట్లో నా పేరు "ఇంకా చదువుతోంది" అని. పైగా ఒక పరిశోధన ఓడ మీద మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆడవాళ్ళకు వేరే కేబిన్ లేదన్న సాకుతో ఆఖరి నిమిషంలో నా పేరు కొట్టేశారు. నేను కొలవాల్సిన శాంపిళ్ళను వేరొకరు కొలిచారు. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, ఆడపిల్లలు వారాల తరబడి ఓడ మీద ఉంటున్నారు. అయినా కేబిన్ ఉందో లేదో ముందే కాగితం మీద రాయించుకో, నోటిమాట నమ్మకు. బీఈడీ విషయంలో అమ్మతో గొడవపడొద్దు. ఎమ్మెస్సీ అయిన తర్వాత కూడా చెయ్యొచ్చు, ఆ రెండేళ్ళు ఇమ్మని అడుగు. ఎమ్మెస్సీ టీచరుకు కూడా అడ్డు కాదు, ఎగుమతి కంపెనీల ల్యాబులకూ అడ్డు కాదు.

ఇక నాన్నగారు. ఆయన "కంపు" అన్నప్పుడు నాకు వినపడింది వాసన గురించి కాదమ్మా. వారాల తరబడి నడిసముద్రంలో వల లాగడం, డీజిలు బాకీలు, వాయుగుండం కబురొస్తే రాత్రంతా నిద్రపోని మీ అమ్మ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు మాకు శాంపిళ్ళు రావు, గ్రాఫులో ఖాళీ గడి పెట్టుకుని ఊరుకుంటాం. మీ ఇంట్లో ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయో నీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఆయనకు ఆక్టోపస్ తెలివితేటల వీడియో చూపించకు. ఆయన రోజూ చూసేదే. నెలకెంత వస్తుందో, ఎన్నేళ్ళకు వస్తుందో, రాకపోతే ఏం చేస్తావో, ఒక కాగితం మీద రాసి చూపించు. బోటు లెక్కలు చూసే మనిషికి ఆ భాష తొందరగా అర్థమవుతుంది.

ఆయన్ని ఒప్పించడం కన్నా ఆయన్ని అడగడం ముందు చెయ్యి. నేను పని నేర్చుకున్న సగం సంగతులు బోటు డ్రైవర్లు చెప్పినవే. ఏ లోతులో వల వేస్తే స్క్విడ్ ఎక్కువ పడింది, వెన్నెల రోజుల్లో తేడా ఉందా, ఏ నెలలో చిన్నవి ఎక్కువ వచ్చాయి? మన బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ నుంచి గోదావరి దాకా నదులన్నీ మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, వానాకాలం అయ్యేసరికి పై నీరు పలచబడుతుంది. సెఫలోపాడ్‌లు చాలామటుకు ఉప్పు తగ్గితే తట్టుకోలేవు. అలాంటప్పుడు వరదల నెలల్లో శ్రీకాకుళం తీరంలో స్క్విడ్‌లు ఎటు పోతాయి? లోతుకు దిగుతాయా, దక్షిణానికి జరుగుతాయా? మీ నాన్నగారు వల ఎక్కడికి మార్చారో చెప్తే అది సగం జవాబు. ఎమ్మెస్సీ డిజర్టేషన్‌కు ఇంతకన్నా పెద్ద ప్రశ్న అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో వైయాలా దగ్గర కటిల్‌ఫిష్‌లు ఎందుకు తగ్గాయన్న ఒక ఊరి ప్రశ్న పట్టుకుని మొదలైన పనే, 1953 నుంచి 2013 దాకా ప్రపంచమంతటా పోగేసిన లెక్కలు చూసి, సెఫలోపాడ్‌లు మొత్తం మీద పెరుగుతున్నాయని 2016లో చెప్పిన పేపరైంది. వాళ్ళు తగ్గాయేమోనని వెతికారు, పెరిగాయని తేలింది.

ఈ నెల్లో ఒక్క పని చెయ్యి. నాన్నగారి బోటు వచ్చే రోజు తెలుసుకుని, సెలవు పెట్టి విశాఖ వెళ్ళు. పాత చుడీదారు వేసుకో. ఒక ప్లాస్టిక్ స్కేలు, పెన్సిలు, గట్టి అట్టున్న నోటుపుస్తకం తీసుకెళ్ళు. పెన్ను వద్దు, తడికి సిరా పారుతుంది. 50 స్క్విడ్‌లు కొలువు, మాంటిల్ పొడవు మాత్రమే. పక్కన తేదీ, ఎన్ని బారల లోతులో పట్టారో నాన్నగారిని అడిగి రాసుకో. వలలో తెల్లటి జిగురు వేళ్ళ గుత్తిలాంటిది వస్తే పారెయ్యనివ్వకు, అవి స్క్విడ్ గుడ్లు. ఏ నెలలో వస్తాయో ఆయనకు ముందే తెలిసి ఉండొచ్చు. నెలకోసారి చొప్పున ఆరు నెలలు చేశాక, ఆ పుస్తకం పేజీలు ఫొటో తీసి నాకు పంపు. ఎవరి దగ్గరికి పంపాలో అప్పుడు పేరు పెట్టి చెప్తాను.